మట్టికి సంజాయిషీ నోటీసు

గుండ్లమెట్ట పురపాలక సంఘం కమిషనర్ ఉమామహేశ్వర్ గారు పట్టణ సౌందర్యం మీద జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్ళి వచ్చేదాకా మా ఊళ్ళో తలుపులు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ మాత్రమే పనికొచ్చేవి. వాటికి అంతకుమించిన బాధ్యత ఉందని మాకెవరికీ తెలియదు.

శిబిరంలో ఒక కన్సల్టెంటు ఆయన కళ్ళు తెరిపించాడు. ఇంటి ఆత్మ గోడల్లో ఉండదనీ, తలుపుల్లోనూ కిటికీల్లోనూ ఉంటుందనీ, ఆ ఆత్మకు నప్పేవి మట్టి రంగులు మాత్రమేననీ తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించాడట. కావిరంగు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేవాడికి రక్తపోటు దిగుతుంది. ఇటుకరంగు కిటికీలోంచి బయటికి చూసేవాడికి పొరుగువాడి మీద ప్రేమ పుడుతుంది. కమిషనర్ గారికి రక్తపోటూ ఉంది, పొరుగువాళ్ళూ ఉన్నారు. బస్సు దిగిన రోజే సమావేశం పెట్టారు.

"గౌరవ సభ్యులారా, మానవుడు మట్టిలోంచి వచ్చాడు, మట్టిలోకి పోతాడు. మధ్యలో మాత్రం తలుపులకు నీలం రంగు వేయిస్తున్నాడు. ఈ వైరుధ్యాన్ని తొలగించే చారిత్రక బాధ్యతను కాలం మన పురపాలక సంఘం భుజస్కంధాల మీద మోపింది. కావున మృత్తికా వర్ణ విధానాన్ని తమ ఆమోదం కోసం ప్రవేశపెడుతున్నాను."

సభ్యులు బల్లలు చరిచారు. మృత్తిక అంటే పైవాళ్ళెవరి కూతురి పేరోననీ, ఆ అమ్మాయి పేరు మీద పథకం వచ్చిందనీ సగంమంది అనుకున్నారు. కాలవ తూర్పు వార్డు కౌన్సిలరు పేరయ్య ఒక్కడే రంగుల కార్డు అడిగి తీసుకుని, వెలుగు వైపు తిప్పి తిప్పి చూశాడు.

"ఈ కార్డులో ఉంది ఎవరి మట్టి?" అన్నాడు.

"సార్వజనీన మట్టి," అన్నారు కమిషనర్ గారు.

"ఇది కాలవ పడమటోళ్ళ ఎర్రమట్టి. మాది నల్లరేగడి. మా తాతలు పత్తి పండించిన నేల. ఆళ్ళ మట్టి తెచ్చి మా తలుపులకి పూస్తామంటే మా వార్డు చూస్తా ఊరుకోదు."

పడమటి వార్డు సభ్యులు లేచారు. తూర్పు వార్డు సభ్యులు అప్పటికే లేచి ఉన్నారు. ఎవరి మట్టి అసలు మట్టి అన్నదాని మీద కాసేపు కుర్చీలు కదిలాయి. కన్సల్టెంటుకు ఫోన్ చేసి అడిగితే, మట్టి రంగుకు వార్డులుండవని చెప్పాడు. ఆయన ఏ వార్డులో ఓటేస్తాడో కనుక్కోమన్నాడు పేరయ్య. చివరికి తీర్మానాన్ని సవరించారు. ఏ ఇల్లు ఏ మట్టి మీద నిలబడి ఉందో, ఆ ఇంటి తలుపులూ కిటికీలూ ఆ మట్టి రంగులోనే ఉండాలి. కాలవకు పడమర ఎరుపు, తూర్పున నలుపు. దీంతో అందరి ఆత్మగౌరవమూ నిలబడింది.

గడపకు రాసే పసుపు సంగతి మర్నాడు వచ్చింది. పసుపు మట్టిరంగు కిందికి వస్తుందా రాదా అని భోజనాల వేళ దాకా వాదించుకున్నారు. పసుపుకొమ్ము భూగర్భంలో పెరుగుతుంది కాబట్టి దాన్ని మట్టికి కూతురుగా పరిగణించవచ్చని కమిషనర్ గారు తేల్చారు. కుంకుమ పసుపులోంచి పుడుతుంది కాబట్టి మనవరాలి హోదాలో అదీ గట్టెక్కింది. మామిడాకుల తోరణం దగ్గర మాత్రం ఆయన మెత్తబడలేదు. పచ్చి ఆకు నిబంధనకు విరుద్ధం, ఎండిన ఆకు అచ్చంగా నిబంధన ప్రకారం. తోరణం కట్టాక వాడటం పాత పద్ధతి అనీ, ఇకమీదట వాడాకనే కట్టాలనీ ఊరంతా మైకులో చెప్పించారు.

అంతటితో ఆగేదేమో. "వానకి తడిస్తే మట్టి రంగు మారుద్ది గదండీ," అని ఎవరో అన్నారు. అనకుండా ఉండాల్సింది. రెండు రెక్కల తలుపుల్లో ఒక రెక్క ఎండాకాలపు మట్టి రంగులో, రెండోది వానాకాలపు మట్టి రంగులో ఉండాలని అనుబంధ ఉత్తర్వు వచ్చింది. ఒంటిరెక్క తలుపులవాళ్ళు పైసగం వేసవికీ కిందిసగం వర్షాలకూ కేటాయించుకోవాలి.

ఈ ఉత్తర్వు గోలీసోడా బజారులో వజ్రమ్మ ఇంటి దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

వజ్రమ్మ మెస్ నడుపుతుంది. ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక వంటిల్లు, ఆ వెనక చిన్న దొడ్డి. వీధి తలుపుకు చిలకపచ్చ రంగు. బోర్డు ఉన్నా ఎవరూ చదవరు, పచ్చతలుపు మెస్ అంటేనే తెలుస్తుంది. ఆ రంగు వేయించింది మాత్రం గిరాకీ కోసం కాదు. ఆమె భర్త బ్రహ్మయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయాడు. షుగరు వల్ల చూపు బాగా తగ్గింది. మొహాలు, అక్షరాలు, మెట్లు అన్నీ కలిసిపోయి కనిపిస్తాయి. కొట్టొచ్చినట్టుండే రంగులు మాత్రం ఆనుతాయి. రోజూ పొద్దున చేతికర్ర పట్టుకుని బజారు చివర సోడా కొట్టు దగ్గరికి వెళ్ళి, ఎవరిచేతనైనా పేపరు చదివించుకుని, భోజనం వేళకు తిరిగొస్తాడు. పచ్చరంగు కనబడితే ఇల్లు, కనబడకపోతే ఊరు. ఆయన భూగోళం అంత సులువు.

నోటీసు తెచ్చింది టౌన్ ప్లానింగు ఇన్‌స్పెక్టరు కరీముల్లా. పెళ్ళయ్యేదాకా అతను వజ్రమ్మ చేతి అన్నమే తిన్నాడు. అందుకని గుమ్మంలో కాస్త నసిగాడు.

"పిన్నీ, నీ తలుపు మీద ఫిర్యాదొచ్చింది."

"ఏం జేసింది నాయనా అది?"

"పచ్చగా ఉంది."

"అది వేయించిన కాడి నుంచీ పచ్చగానే ఉంది గదయ్యా."

"అదే రాశా నోటీసులో. దీర్ఘకాలిక ఉల్లంఘన అని."

వజ్రమ్మ గరిటె పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది. "మీ బాబాయికి కళ్ళు ఆనవని నీకు తెలీదా? ఆ పచ్చరంగు జూసుకునే ఇంటికొస్తాడు."

"తెలుసు పిన్నీ. నీ కోసం మినహాయింపులన్నీ వెతికా. గుడి ఉంది, మసీదుంది, చర్చి ఉంది, పోలీస్ స్టేషనుంది, బ్రాందీ షాపుంది. మొగుళ్ళు లేరు."

"ఇప్పుడేం జెయ్యమంటావు?"

"మీది పడమటి వార్డు. ఎర్రమట్టి రంగెయ్యి. ఆ రెండో రెక్క కొంచెం ముదురు."

వజ్రమ్మ తిట్టింది గానీ వేయించింది. మెస్ మూయిస్తామని నోటీసు చివర ఉంది మరి.

నెల తిరక్కుండా మా ఊరు కాలవకు ఒకవైపు ఎర్రగానూ ఒకవైపు నల్లగానూ తేలింది. చూడటానికి క్రమశిక్షణగా ఉంది. ఇళ్ళు కనుక్కోవడమే కష్టమైంది. గ్యాస్ సిలిండర్లు ఎవరింటికి చేరితే వాళ్ళే వండుకున్నారు. కాలవ తూర్పున పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు పొరపాటున పక్కింట్లో కూర్చుని, ఉప్మా తిని, అక్కడున్న అమ్మాయిని చూసి నచ్చిందని చెప్పి వెళ్ళారు. ఆ ఇంటివాళ్ళకు సంబంధం వెతుకుతున్న సంగతి దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు, అందుకని ఆయనే పంపాడనుకున్నారు. పెళ్ళి కూడా అయింది, వాళ్ళు బాగానే ఉన్నారు. వజ్రమ్మ మెస్‌కు రావాల్సినవాళ్ళు ఇద్దరు పక్కనున్న టైలరు దగ్గర కూర్చుని, చొక్కాలకు కొలతలిచ్చి, ఆకలితోనే వెళ్ళిపోయారు.

వజ్రమ్మకు గిరాకీ కంటే బ్రహ్మయ్య గురించే బెంగ. కొన్నాళ్ళు తనే సోడా కొట్టు దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చింది. ఆయనకది నామర్దాగా ఉంది. "బండి నిండా జనాన్ని తీసకెళ్ళి తీసకొచ్చిన మడిసిని. నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తావా?" అన్నాడు. ఒకరోజు ఆమె అన్నం వారుస్తుండగా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

భోజనాల వేళ దాటింది. ఆయన రాలేదు.

వజ్రమ్మ పొయ్యి ఆర్పింది. మెస్ పెట్టిన దగ్గర నుంచీ మధ్యాహ్నం పూట ఆమె పొయ్యి ఆర్పడం అదే మొదలు. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళను పెరుగేసుకుని తినమని చెప్పి వీధిలోకి వచ్చింది. సోడా కొట్టువాణ్ణి అడిగితే ఎప్పుడో బయల్దేరాడన్నాడు. వరసగా తలుపులు కొట్టుకుంటూ పోయింది. ఎర్ర తలుపు, ఎర్ర తలుపు, ఎర్ర తలుపు. ప్రతి తలుపూ తెరుచుకుంది, ఏ తలుపు వెనకా బ్రహ్మయ్య లేడు. కాలవ గట్టు మీదికి వెళ్ళి నీళ్ళలోకి చూసింది. అటు వస్తున్న కరీముల్లా ఆమె మొహం చూసి సైకిలు దిగాడు.

"నీ రంగు నా మొగుణ్ణి మింగిందిరా," అంది వజ్రమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆమె అరిచి ఉంటే తనకు కాస్త తేలిగ్గా ఉండేదని కరీముల్లా తర్వాత చెప్పాడు.

ఆ సమయానికి బ్రహ్మయ్య కమిషనర్ గారింట్లో భోజనం చేస్తున్నాడు.

మలుపు ఒకటి ముందే తిరిగి ఆఫీసర్ల క్వార్టర్స్ వైపు పోయాడాయన. లెక్క ప్రకారం ఇల్లు రావాల్సిన చోట ఒక ఎర్ర తలుపు తగిలింది. తోసుకుని లోపలికెళ్ళి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని బల్ల ముందు కూర్చుని, "వజ్రం, వడ్డించు," అన్నాడు. కమిషనర్ గారి భార్య హైమవతి గారు వంటింట్లోంచి వచ్చి చూసింది. ఆమె భర్త సమావేశాల్లోనే పొద్దుపుచ్చుతాడు. వేళకు వచ్చి వేడిగా తినే మనిషిని ఆ ఇంట్లో చూసి చాలాకాలమైంది. ఆయనకు చూపు లేదని గ్రహించి, ఏమీ అనకుండా వడ్డించింది.

"పప్పులో ఉప్పు తగ్గింది. చింతకాయ పచ్చడి మాత్రం శానా బాగుంది," అన్నాడు బ్రహ్మయ్య. ఆ ఇంట్లో ఆ మాత్రం మాట కూడా వినిపించి ఎన్నాళ్ళయిందోనని ఆమె ఇంకో ముద్ద పచ్చడి వేసింది.

అప్పుడొచ్చారు కమిషనర్ గారు. అంతకుముందే పొరపాటున సబ్‌రిజిస్ట్రారు గారింట్లోకి వెళ్ళి క్షమాపణ చెప్పుకుని వచ్చారు. తన కుర్చీలో ఎవరో తింటూ కనిపించగానే మళ్ళీ తప్పింటికి వచ్చాననుకుని వెనక్కి తిరిగారు.

"పోతావేంది నాయనా, రా కూచో. టోకెను తీసుకున్నావా?" అన్నాడు బ్రహ్మయ్య, అడుగుల చప్పుడు విని.

"ఇది నా గృహం," అన్నారు కమిషనర్ గారు, భార్యను చూశాక కాస్త ధైర్యం తెచ్చుకుని.

"అందరూ సొంతిల్లు మాదిరనుకునే తింటారు. అదే మా మెస్సు గొప్ప."

కమిషనర్ గారు దీనికి ఏ నిబంధన కింద జవాబు చెప్పాలా అని ఆలోచిస్తుండగా, క్వార్టర్స్ తలుపులు కూడా వరసగా తడుతూ వజ్రమ్మ, వెనకే కరీముల్లా వచ్చారు. బ్రహ్మయ్యను చూడగానే ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"ఊరంతా నిన్ను ఎతుకుతా ఉంటే, పరాయింట్లో కూచుని పచ్చడి నాకుతన్నావా?"

బ్రహ్మయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "పరాయిల్లా?" అన్నాడు. ఎంగిలి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే ఉంచాడు. "మన తలుపు గూడా ఎర్రగా ఉండిద్దని చెప్పావు గదా. ఎర్రగా ఉంటే మనదే అనుకున్నా. అమ్మా, తప్పయింది, తెలీక తిన్నా."

"తినండి బాబాయిగారూ," అంది హైమవతి గారు. భర్త వైపు మాత్రం చూడలేదు.

వజ్రమ్మ కమిషనర్ గారి ముందుకొచ్చి నిలబడింది. "అయ్యా, మా పచ్చరంగు మాకిప్పించండి. మేమింకేం అడగం."

"చూడమ్మా, విధానం ముందు చూపున్నవాడూ లేనివాడూ సమానులే. మీ నివాసం ఏ వర్ణపు మృత్తిక మీద ప్రతిష్ఠితమై ఉన్నదో మీ ద్వారం ఆ వర్ణంలో ఉండవలెను. అంతకుమించి నేనుగానీ ప్రకృతిగానీ చేయగలిగింది లేదు."

"మా ఇంటి కింద మట్టి పచ్చగానే ఉంటది గదా సారూ," అన్నాడు బ్రహ్మయ్య. "మా నాయన కొన్నప్పుడు అది అద్దకపోళ్ళ దొడ్డి. రంగునీళ్ళన్నీ ఆడే గుమ్మరించేవోళ్ళు. వానొస్తే మా కాళ్ళు పచ్చగా అయ్యేయి."

కమిషనర్ గారు నవ్వారు. మట్టి పచ్చగా ఉండదని ఆయనకు శిబిరంలో చెప్పారు. "అపోహలకు తావులేకుండా రేపే తవ్వకం జరిపిద్దాం," అన్నారు.

మర్నాడు వజ్రమ్మ దొడ్లో తవ్వారు. సగం ఊరు గోడలెక్కి చూసింది. పైన అడుగు మందాన మామూలు మట్టి వచ్చింది, కమిషనర్ గారు తలాడించారు. ఆ తర్వాత పార తగిలిన పెళ్ళ చిలక ఈకలా ఉంది. ఇంకా తవ్వారు. ఇంకా పచ్చగా వచ్చింది. కరీముల్లా ఒక పెళ్ళ తీసి ఎండలో పెట్టి చూసి, "సార్, మట్టి రంగులో లేదండి మట్టి," అని నివేదించాడు.

కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమైంది. తీర్మానం ప్రకారం ఆ తలుపు పచ్చగా ఉండాలి, విధానం ప్రకారం ఉండకూడదు. చాలాసేపటి తర్వాత కమిషనర్ గారు లేచారు.

"విధానంలో లోపం లేదు. భూమి విధానానికి అనుగుణంగా లేదు. తప్పు ఎవరిదో స్పష్టం."

ఆ సాయంత్రమే గుంటలో కర్ర పాతి దానికి నోటీసు అంటించారు. గోలీసోడా బజారు మట్టి అయిన నీవు, మట్టిరంగులో ఉండవలసిన సహజ బాధ్యతను విస్మరించి, ఎట్టి అనుమతీ లేకుండా ఆకుపచ్చ వర్ణంలో కొనసాగుతున్నట్టు తనిఖీలో వెల్లడైనందున, నీపై ఎందుకు చర్య తీసుకోరాదో వారంలోగా సంజాయిషీ ఇవ్వవలసింది అని దాని సారాంశం. నోటీసు అందుకునేవారికి చదువు రాకపోతే చదివి వినిపించాలని రూలు ఉంది. కరీముల్లా గుంట అంచున నిలబడి రెండుసార్లు చదివి వినిపించాడు.

"అర్థమైందంటా దానికి?" అంది వజ్రమ్మ.

"తిరగబడి మాట్లాడలేదు పిన్నీ. అదే మంచిది."

విచారణ ముగిసేదాకా యథాస్థితి కొనసాగాలి కాబట్టి, ఏది యథాస్థితో ఎవరూ తేల్చకముందే వజ్రమ్మ తలుపుకు చిలకపచ్చ వేసేసింది. మర్నాడు బ్రహ్మయ్య ఒక్కడే వెళ్ళి ఒక్కడే వచ్చాడు. టైలరు దగ్గర కొలతలిచ్చినవాళ్ళు కూడా కొత్త చొక్కాలేసుకుని భోజనానికి వచ్చారు. మట్టి నుంచి మాత్రం ఏ జవాబూ రాలేదు. దానికి మరో అవకాశమివ్వాలా, ఏకపక్షంగా తీర్పు చెప్పాలా అని ఫైలు తిరుగుతుండగా, అందమైన పట్టణాలను ఎంపిక చేసే బృందం రాజధాని నుంచి దిగింది.

బృందం నాయకురాలు కారు దిగి ఆ చివర నుంచి ఈ చివరికి చూసింది.

"ఊరంతా ఇంత దుమ్ము పట్టిందేమండీ?" అంది.

"అది దుమ్ము కాదు మేడమ్, విధానం," అన్నారు కమిషనర్ గారు.

"మట్టిరంగులా? అవి పోయినేడాదివండీ. ఈ ఏడాది అంతా హరితం. మీకు సర్క్యులరు రాలేదా?"

బృందం గోలీసోడా బజారులోకి మలుపు తిరిగింది. వరసగా ఉన్న ఎర్ర తలుపుల మధ్య వజ్రమ్మ తలుపు చిలక వాలినట్టు కనిపించింది. నాయకురాలు ఆగిపోయి, "ఇది. ఇలా ఉండాలి," అంది.

మామూలు మనిషైతే అక్కడ నీళ్ళు నమిలేవాడు. ఉమామహేశ్వర్ గారు రెప్ప వేయలేదు. "అది మా పైలట్ ప్రాజెక్టు మేడమ్. ఇచ్చటి మృత్తికే హరిత వర్ణం. మట్టిరంగూ అదే, హరితమూ అదే. పోయినేడాదినీ ఈ ఏడాదినీ ఒకే తలుపులో సమన్వయం చేశాం," అన్నారు.

ఆమె మట్టి చూస్తానంది. కరీముల్లా ముందు పరిగెత్తి, గుంటలోని సంజాయిషీ నోటీసు చించి జేబులో పెట్టుకున్నాడు. ఆమె వచ్చేసరికి ఆ కర్రకు ఏదో ఒకటి ఉండాలని ఎండకు చుట్టుకున్న తన తలగుడ్డ కట్టాడు. బృందం ఆ తలగుడ్డ పక్కన నిలబడి ఫోటోలు దిగింది. నెలలో మళ్ళీ వస్తామనీ, అప్పటికి ఊరంతా ఇలా ఉంటే బహుమతి మీదేననీ చెప్పి వెళ్ళింది.

అయితే ఏ ఇంటి తలుపు ఆ ఇంటి మట్టి రంగులోనే ఉండాలన్న తీర్మానం అలాగే ఉంది. దాన్ని రద్దు చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. కమిషనర్ గారు దానికీ మార్గం చెప్పారు. ప్రతి గడప కిందా దోసెడు వజ్రమ్మ మట్టి వేస్తే ఆ ఇల్లు పచ్చమట్టి మీద ఉన్నట్టే. అప్పుడు దాని తలుపు పచ్చగా ఉండటం హక్కు మాత్రమే కాదు, విధి.

పేరయ్య లేచాడు. ఈసారి నల్లరేగడి ఊసెత్తలేదు. "మా వార్డులో జనం ఎక్కువ. జనాభా లెక్కన మా మట్టి వాటా మాకు ముందు రావాల," అన్నాడు.

తెల్లారేసరికి వజ్రమ్మ దొడ్డి తిరణాల అయింది. గంపలతో, బకెట్లతో, గిన్నెలతో జనం. దోసెడు చాలన్నా ఎవరూ దోసెడు తీసుకోలేదు. బంధువుల ఊళ్ళలోనూ రేపు ఇదే రూలు వస్తే అక్కరకొస్తుందని ఒకాయన బస్తా నింపాడు. పేరయ్య ట్రాక్టరు తెచ్చాడు. గుంట దొడ్డంతా అయింది. బ్రహ్మయ్యకు మాత్రం ఆ సందడి పాత రోజుల్ని గుర్తుచేసింది. గుంట అంచున నిలబడి, "ముందుకి జరగండి, ముందుకి జరగండి, దిగేవోళ్ళకి దారియ్యండి," అని క్యూ నడిపించాడు. జనం ఆయన మాట విన్నారు. అంత క్రమంగా తవ్వారు కాబట్టే గుంట వంటింటి గోడ కిందిదాకా వెళ్ళింది.

"అయ్యా, గోడ పునాది కనపడతంది. ఆపండయ్యా," అని వజ్రమ్మ గుంట చుట్టూ తిరిగింది. గోడకు పగులు వచ్చింది. మూడోరోజు మధ్యాహ్నం అందరూ ముందు గదిలో తింటుండగా గోడ వెనక్కి వాలి, పెద్ద తొందరేమీ లేకుండా గుంటలోకి దిగింది. దానితోపాటు పొయ్యి, సాంబారు గిన్నె, అప్పుడే వండిన వంకాయ కూర. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వజ్రమ్మ ఆ గుంట అంచున కూర్చుని కూర వైపు చూసింది.

ఇక ఊరు. కాలవకు అటూ ఇటూ తలుపులూ కిటికీలూ అన్నీ చిలకపచ్చ అయ్యాయి. ఇప్పుడు బ్రహ్మయ్యకు ఎటు చూసినా ఇల్లే. ఎదురింట్లో కాఫీ తాగాడు, టైలరింట్లో నిద్రపోయాడు, హోమియో డాక్టరు ఇంట్లో దూరి ఆయన రోగులకు టోకెన్లిచ్చాడు. ఎవరూ ఏమీ అనేవారు కాదు గానీ, చీకటిపడే ముందు ఆయన్ను వెతికి తెచ్చుకోవడం వజ్రమ్మకు రోజూ ఒక పని అయింది. ఒక సాయంత్రం ఆయన ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ, "ఇంక నేను బయటికి పోనులే వజ్రం. ఆ మూల కుర్చీ ఏసుకుని కూచుంటా," అన్నాడు. పరాయింట్లో ముద్ద ఆగిపోయిన నాడు కూడా ఆయన అంత నీరసంగా మాట్లాడలేదు.

మర్నాడు వజ్రమ్మ పురపాలక సంఘం ఆఫీసు గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"నా దొడ్డి నాకియ్యండి. నా గోడ నాకియ్యండి. అప్పటిదాకా ఈడే వండుకుంటా."

మూడు ఇటుకలు కూడా తెచ్చుకుంది. బృందం రేపోమాపో వస్తుంది. గుమ్మంలో పొయ్యి, పైలట్ ప్రాజెక్టు స్థానంలో పెద్ద గొయ్యి కనిపిస్తే బహుమతి దక్కదని కమిషనర్ గారికి తట్టింది. పచ్చమట్టి వెనక్కి తెప్పించడం కుదరదు, గడపల కింద పడిపోయింది. అందుకని మెట్ట మీది ఎర్రమట్టి లారీలతో తెప్పించి గుంట పూడ్పించారు, దిమ్మిస కొట్టించారు, గోడ లేపించారు. బృందం వచ్చింది, ఊరంతా పచ్చగా ఉండటం చూసి మెచ్చుకుంది. కమిషనర్ గారికి శాలువా, పురపాలక సంఘానికి ఒక జ్ఞాపిక వచ్చాయి. ఆ ఊపులోనే ఆయనకు సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద మునిసిపాలిటీకి బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు ఆయన చూపు అప్పుడే ఇసుక మీద ఉందని డ్రైవరు చెప్పాడు. హైమవతి గారు కారెక్కే ముందు మెస్‌కు వచ్చి, బ్రహ్మయ్యకు ఒక సీసా చింతకాయ పచ్చడి ఇచ్చి వెళ్ళింది.

ఆ తర్వాత కరీముల్లా వచ్చాడు. గుమ్మంలో మళ్ళీ నసిగాడు.

"చెప్పు నాయనా. మళ్ళీ ఏం జేసింది?" అంది వజ్రమ్మ.

"పచ్చగా ఉంది పిన్నీ."

"ఊరంతా పచ్చగానే ఉంది గదా."

"ఆళ్ళ గడపల కింద పచ్చమట్టి ఉంది. నీది మొత్తం తోడేశారు, ఇప్పుడు నీ దొడ్లో ఉన్నదంతా ఎర్రమట్టి. ఏ ఇంటి తలుపు ఆ ఇంటి మట్టి రంగు, ఆ తీర్మానం ఇంకా రద్దు కాలా. పచ్చమట్టి లేకుండా పచ్చ తలుపు పెట్టుకున్న ఇల్లు ఊరు మొత్తానికి నీదొక్కటే. ఎర్రరంగు ఎయ్యాలంట." అతను తల వంచుకుని నోటీసు చాచాడు. "నన్ను తిట్టుకో పిన్నీ."

వజ్రమ్మ వీధిలోకి వచ్చి అటు చూసింది, ఇటు చూసింది. బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా చిలకల బారు. ఆమెకు నవ్వు వచ్చింది. ముందు పైటకొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత అది కూడా తీసేసి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో అర్థంకాక కరీముల్లా కూడా కొంచెం నవ్వాడు. ఆమె నోటీసు తీసుకుని కళ్ళకద్దుకుని, "కూచో నాయనా, అన్నం దిందువు గాని," అంది.

రంగు ఆరిన మర్నాడు ఆమె బ్రహ్మయ్యను బతిమాలి సోడా కొట్టుకు పంపింది. భోజనం వేళకు తను గుమ్మంలోకి రాలేదు, పిలవలేదు. వంటింట్లోనే నిలబడి వింది. చేతికర్ర చప్పుడు టైలరింటి ముందు ఒక క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. తలుపు కిర్రుమంది. బ్రహ్మయ్య వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు.

"మన తలుపు రంగు మార్చినట్టున్నావే వజ్రం?"

"మార్చా. ఎట్టా కనుక్కున్నావు?"

"ఊరంతా బుద్ధిగా ఒకటే రంగేసుకుని కూచుంది. ఒక్క ఇల్లు మాత్రం గవర్నమెంటుకి ఎదురు తిరిగినట్టు కనపడింది. అది నీదే అయ్యుంటదిలే అనుకున్నా."

వజ్రమ్మ అన్నం గిన్నె తెచ్చింది. ఆకు వేసి, వేడన్నం మీద నెయ్యి రెండు చుక్కలు ఎక్కువే వేసింది.